ఎంట్రీ సీను

గుణుపురంలో సిమెంటు కొట్టు మీద మేడగది.
ఆరున్నరకి కరెంటు పోతుంది,
ఆరు ముప్పయ్యైదుకి నా ఇంగ్లీషు మొదలవుతుంది.

మొదటిరోజే బోర్డు మీద 'మైసెల్ఫ్' అని రాసి
దాని మీద పెద్ద ఇంటూ కొట్టాను.
పేరు చెప్పేటప్పుడు ఈ మాట వాడితే
పది రూపాయలు జరిమానా, టీలకి.

ఎవరూ జరిమానా కట్టలేదు,
ఎందుకంటే ఎవరూ నోరు విప్పలేదు.
'మై నేమ్ ఈజ్' దాకా వచ్చి బస్సు ఆగిపోయేది,
పేరు దిగేది కాదు.
వాళ్లు కిందకి చూసేవాళ్లు. నేనూ చూసేవాణ్ణి.
గచ్చు మీద సిమెంటు ధూళిలో
పద్నాలుగు జతల కాళ్ల అచ్చులు,
వాటికి ఏ భాషా అక్కర్లేదు, సిగ్గూ లేదు.

రెండో వారం ఒక అబద్ధమాడాను.
ఇది క్లాసు కాదర్రా, సినిమా.
తలుపు తన్నుకుని రండి
(అద్దె తలుపు, కాస్త చూసి తన్నండి).
ముందు కాలు కనబడాలి, తర్వాత చెయ్యి,
మొహం ఆఖర్న.
దుమ్ము లేవాలి, దుమ్ముకి మనకేం కొదవ!
మిగతావాళ్లు నోటితో మ్యూజిక్కు కొట్టాలి.
అప్పుడు ఒక్క ముక్క: ఐ యామ్ ఫలానా.

జాకెట్లు కుట్టే పైడితల్లి విలన్లా వచ్చింది.
మెడలో టేపు, చేతిలో కత్తెర,
ఎమర్జెన్సీ లైటు వెలుగులో గోడంతా ఆమె నీడ.
"ఐ యామ్ పైడితల్లి. ఐ కట్."
మ్యూజిక్కు టక్కున ఆగిపోయింది.
ముందు బెంచీ కుర్రాడు మెడ తడుముకున్నాడు.
"ఏటి కోత్తానో కూడా సెప్పాలా మేస్టారూ?"
వద్దమ్మా, అలాగే బాగుంది.

బస్సు క్లీనరు ఘాసిరాం
గుమ్మం పట్టుకుని గాల్లో ఒక కాలు వేలాడేసి,
"ఐ యామ్ కాశీనగర్, పర్లాకిమిడి, పర్లాకిమిడి, పర్లాకిమిడీ!"
నేను దిద్దబోయి ఊరుకున్నాను.
రోజుకి నాలుగు ట్రిప్పులు
అతను అక్షరాలా అదే.

నర్సింగుకి అప్లికేషను పెట్టిన పిల్ల ఉంది, సవర పిల్ల,
రిజిస్టర్లో సబిత.
కాలు కనబడింది. చెయ్యి కనబడింది.
మొహం రాలేదు.
మ్యూజిక్కు ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది,
బూరా వాయించేవాడికి దగ్గొచ్చింది.
తలుపు వెనక నించి మెల్లగా,
"ఐ యామ్ సబిత."
తర్వాత, అంతకన్నా గట్టిగా,
"కట్! కట్! వన్ మోర్ టేక్."

ఈసారి మొహం ముందొచ్చింది.
కాలూ చెయ్యీ వెనకాల పరిగెత్తి అందుకున్నాయి.
"ఐ యామ్ సొంబారి.
సబిత ఈజ్ మై డూప్."

హాస్టల్లో చేర్పించిన రోజు
సోమవారం పుట్టిన పిల్లని
ఏ గుమాస్తా పెన్ను సబిత చేసిందో,
పదకొండేళ్లు ఆ డూపే
దెబ్బలన్నీ తింది, హాజరు పలికింది, మార్కులు తెచ్చింది.
చప్పట్లకి కింద సిమెంటు కూడా రాలి ఉంటుంది.

అక్కడితో వదిలేస్తే బాగుండేది.
"మేస్టారి ఎంట్రీ! మేస్టారి ఎంట్రీ!"

బయటికెళ్లి తలుపేసుకున్నాను.
మెట్ల మీద చీకటి.
లోపల పద్నాలుగు నోళ్లు నా కోసం డప్పు కొడుతున్నాయి.
ఐ యామ్, సరే.
శ్రీకాకుళంలో పెళ్లికెళ్తే ఒడిశా మేస్టారు,
ఇక్కడ రేషను లైన్లో తెలుగు బాబు,
మా అవ్వకి చిట్టిగాడు,
బ్యాంకువాడికి ఇనీషియల్ తప్పు.
వీటిలో హీరో ఎవడు, డూప్ ఎవడు?

తలుపు తన్నాను.
వానకి ఉబ్బిన చెక్క, కదల్లేదు.
మళ్లీ తన్నాను.
కింద కొట్లోంచి సాహుబాబు టార్చి వేసి అరిచాడు,
"కియే? ఉపరె కియే రే?"

కళ్ల నిండా వెలుగు,
గాల్లో ఒక కాలు,
నాకు తెలియకుండానే నోట్లోంచి జారింది:
"మైసెల్ఫ్!"

తలుపవతల మ్యూజిక్కు ఆగింది.
పైడితల్లి గొంతు:
"పది రూపాయలు, మేస్టారూ."