ఆషాఢం గాలి

అటక మీంచి పలకను దించేసరికి
దాని వీపంతా మిరపగింజలు.
పదమూడేళ్ళుగా మా ఇంట్లో అది
ఎండుమిరపకాయలు ఆరబోసే బల్ల.
తెరచాప సంగతి చెప్పనే అక్కర్లేదు,
మూడు కార్లు చెనిక్కాయ కుప్పల మీద
వానొస్తుందని కప్పారు దాన్ని.
వానేమో రాలేదు.
చాప మాత్రం మట్టిరంగు తేలి,
ఒక మూల ఎలుక కొరికిన రూపాయంత కన్నంతో
గోనెసంచుల మధ్య మడతపడి ఉంది.

నీళ్ళున్నప్పుడు నాకు తీరిక లేదు,
తీరికైనప్పుడు పార్నపల్లె డ్యాములో నీళ్ళు లేవు.
ఆ రెంటి నడుమ
ఒక మోకాలి ఆపరేషను,
రెండు బదిలీలు,
ఎనభై నాలుగు కిలోలు.

ఇప్పుడు నీళ్ళొచ్చాయి.
ఎక్కడో ఎవరి మీదో కురిసిన వాన
కాలవల్లో కొండలు చుట్టి, మోటార్లెక్కి,
అలిసిపోయి వచ్చి ఇక్కడ పడుకుంది.
గాలి మాత్రం మాదే.
ఆషాఢమంతా పడమట నుంచి తోసుకొస్తుంది
రేకులు లేపుతూ, చీనీ పిందెలు రాలుస్తూ,
వచ్చిన ప్రతి మబ్బునూ
పొలిమేర దాటించేదాకా వదలకుండా.

లింగాలలో అందరూ దాన్ని తిడతారు.
నేనూ తిడతాను, పదిమందిలో ఉన్నప్పుడు.
ఒక్కదాన్నే మిద్దెక్కి
చెనిక్కాయ పొట్టు పిడికెడు ఎగరేసి
దిక్కు చూసుకుంటాను,
దొంగలా.

ఆదివారం.
గట్టు మీద నా ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు,
పుట్టి బోర్లించి తారు పూస్తున్న దస్తగిరి.
"మేడమ్, మీకు ఈతొచ్చునా?" అంది షాహీన,
ఖోఖోలో నేను దాన్ని గద్దించే గొంతుతోనే.

మొదటిసారి నిలబడ్డాను, పడ్డాను.
రెండోసారి నిలబడకుండానే పడ్డాను.
కాకినాడ ఎన్.సి.సి. క్యాంపులో
పందొమ్మిదేళ్ళ పిల్ల మీద అరిచిన గొంతు
నీళ్ళ అడుగునుంచి వినబడింది:
"తాడును చేతుల్తో కాదు, బరువుతో లాగు!"
బరువా? ఇప్పుడు దానికేం తక్కువ సార్.

వెనక్కి వాలాను.
బురదలోంచి బర్రె లేచినట్టు
ఒళ్ళంతా నీళ్ళు కారుస్తూ లేచింది చాప.
ఎలుక కన్నంలో గాలి ఈలేసింది.
ఆ తర్వాత నేనేమీ చెయ్యలేదు,
మడమలు చేశాయి.
తల ఎప్పుడో పారేసుకున్నదాన్ని
అరికాళ్ళు ఏ మూల దాచుకున్నాయో!
పలక నీళ్ళను కొయ్యడం మానేసి
కాలిన పెనం మీద నీటిబొట్టులా
పైపైనే ఉరికింది.

తలెత్తితే ఒక నల్లమబ్బు,
నాతోపాటే తూర్పుకి,
నాకంటే ముందుగా.
అది ఎవరి చేను దాటి వచ్చిందో నాకు తెలుసు.
ఓబుళమ్మ పోయిన వారమే విత్తింది.
దాన్నీ నన్నూ ఒకే చెయ్యి తోస్తోంది.
కాసేపు ఆగమందామనుకున్నాను గాలిని.
అనలేదు.
బూమ్‌ను ఇంకాస్త గుండెకు లాక్కున్నాను.

తిప్పడం మాత్రం రాలేదు.
అవతలి ఒడ్డున, చీనీతోట కింద
రాళ్ళకు తగులుకొని ఆగాను.
కావలి ముసలాయన బీడీ పక్కనబెట్టి
చెంబుతో నీళ్ళిచ్చాడు.
"ఏందమ్మా అది, గాలిని కట్టేసేదా?"
"కాదు తాతా, దాంతోపాటు పోయేది."
"మళ్ళా వచ్చేది?"
"అదే మర్చిపోయినా."
ఆయన నవ్వలేదు.
చీనీకాయల ఆటో వచ్చేదాకా కూర్చోమన్నాడు.

రాత్రి సంగటి ముద్ద చేతికి పట్టలేదు.
అరచేతుల్లో నాలుగు బొబ్బలు, రెండు పగిలినవి.
పచ్చడి కారం వాటిల్లోకి దిగి
చెవులదాకా మండింది.
మా అత్త స్పూను తెచ్చిస్తే వద్దన్నాను.
బయట రేకులు దడదడ కొట్టుకుంటున్నాయి.
"పాడుగాలి," అంది ఆమె.
ఊ అన్నాను,
మండుతున్న చేతిని
మెల్లగా కిటికీ వైపు చాపి.