మీట పైకి లేచినప్పుడు

మొదట మీటని
వెయ్యి వోల్టుల దారిలోనే పెట్టాడు ఓలుఫ్.
నొక్కినప్పుడల్లా నీలం నిప్పు,
వేళ్ళమీద వెంట్రుకలు కాలిన వాసన.
లోఫోటెన్ కొసనుంచి మంచులో నడిచొచ్చి
సిన్నోవ్ అంది:
"ఆదివారం ప్రసంగం వింటుంటే
నీ చుక్కలు పాస్టరు గారి నోట్లో రాళ్ళలా పడుతున్నాయి."

మీటని గ్రిడ్ దగ్గరికి మార్చాడు.
గాజుబుడ్డిలో, ఎర్రటి తీగకీ పళ్ళేనికీ మధ్య
సన్నటి దడి.
ఏరుని ఆపడానికి ఆనకట్టే అక్కర్లేదు,
ఒక్క కసురు చాలు.

అయినా పూర్తిగా ఆగలేదు.
చెయ్యి పైకి లేచాక కూడా
ఏదో కారుతూనే ఉంది ఏరియల్‌లోకి
నిద్రలో పలవరింతలా.
నాకప్పుడు పదహారేళ్ళు. దిద్దాల్సిందేనని వెంటపడ్డాను.
బేటరీకి మరో ఆరు సెల్స్ కలిపాం.
నిశ్శబ్దం.
కత్తితో కోసినట్టు.

ఫిబ్రవరిలో కాడ్ పడవలు తిరిగొచ్చాయి.
హోకున్ అనే వైర్‌లెస్ కుర్రాడు
స్టేషన్ మెట్లమీద బూట్లలో నీళ్ళు వొంపుకుంటూ అడిగాడు:
"అక్షరానికీ అక్షరానికీ మధ్య
ఎక్కడికి పోతున్నారు మీరు?
ఇదివరకు గుసగుసగా ఉండేది.
పొగమంచులో దాన్ని పట్టుకుని కూచునేవాణ్ణి."

ఓలుఫ్ పైపు వెలిగించుకున్నాడు.
మాట్లాడలేదు.

ఆ రాత్రి పొగమంచు దిగింది.
లాగ్ పుస్తకంలో రాయకుండా
రెండు సెల్స్ విప్పి
బల్లమీద, నా టీ కప్పు పక్కన పెట్టాడు.

మర్నాడు సిన్నోవ్ అడిగింది,
రేడియోలో సన్నగా ఈలేమిటని.
గాలి, అన్నాను.