ఏడో తీగ

మద్రాసు నుంచి పెట్టెలు మూడొచ్చాయి,
తీగలు రాలేదు.
చిత్తూరు బెల్లం మండీలో
ఆఫీసు గదిలో కంప్యూటరు, కాటా దగ్గరొకటి, గేటు దగ్గరొకటి టెర్మినళ్లు,
పంచాయితీకొచ్చిన దాయాదుల్లా
మూడు వారాలు మాట్లాడుకోలేదు.

అప్పుడు పిలిపించారు దస్తగిరన్నని.
చర్చి వీధిలో రేడియోలు బాగుచేసే మనిషి.
ఇంగ్లీషు పుస్తకం తిరగేసి
మాటలన్నీ వదిలేసి బొమ్మలు మాత్రం చదివాడు.

నాకప్పుడు పదమూడేళ్లు.
కాటా దగ్గర పెన్సిల్‌తో రాసిన చీటీని
ఆఫీసుకి మోసే పని నాది.
నూటనలభై అంగలు.
డెబ్భయ్యో అంగ దగ్గర టీ కొట్టు,
టీ కొట్టులో దళారి ఏకాంబరం.
"ఇట్రా అబ్బోడా, చూస్తాం" అనేవాడు.
తొమ్మిదికి నెత్తి చెరిపితే నాలుగు.
అంతే పని. రబ్బరు ముక్క అతని చొక్కా జేబులోనే ఉండేది.
నాకొక బన్ను.

"లైటు సరిగ్గా పట్టు" అన్నాడు దస్తగిరన్న.
ఈయం కరిగి పొగ లేస్తే
బెల్లం వాసనలో అదొక చేదు చార.
"ఇరవై అయిదు సూదులుండాయి. పనికొచ్చేటివి మూడే,
మిగతావి పెళ్లికొచ్చిన చుట్టాలు.
రెండోది నోరు. మూడోది చెవి.
ఇటు నోరు అటు నోటికే కలిపితే
ముద్దయితాది గానీ మాట గాదు."
రెండుని మూడుకి, మూడుని రెండుకి
అడ్డంగా మార్చి అతికాడు.

"ఏడోదాన్ని మాత్రం తిప్పగూడదు. ఏడుకి ఏడే.
అది సున్నా తీగ.
సున్నా యాడుండాదో ఇద్దరూ ఒప్పుకోకుంటే
ఎంత చెప్పుకున్నా అది కూతే."
నాకు కాటా ముల్లు గుర్తొచ్చింది.
ఏమీ అనలేదు.

తీగ రేకుల మీదుగా పోయింది,
సరిగ్గా ఏకాంబరం తల మీదుగా.
తలెత్తి చూసి అడిగాడు: "ఏందప్పా అది?"
"మాటలు పోయే దారి."
"ఏమీ వినపడదే?"
"నీకు వినపడదు" అన్నాడు దస్తగిరన్న, నిచ్చెన దిగుతూ.

మొదట అంతా పిచ్చిరాతలే.
తెర మీద మెలికలు, పిల్లికాళ్లు, ప్రశ్న గుర్తులు.
"ఒకడు పరుగెత్తి చెప్తా ఉంటే
ఇంకొకడు నడిచి వింటా ఉండాడు" అని
వెనకాల తెల్లని చిన్న మీటల్ని
అగ్గిపుల్లతో ఒక్కొక్కటే పైకి నెట్టాడు.

సాయంత్రం అయిదున్నరకి
పూతలపట్టు మొగిలమ్మ బండి కాటా ఎక్కింది.
ఇటు నొక్కారు.
అటు ఆఫీసులో పచ్చటి అక్షరాల్లో
492.
తొమ్మిది నెత్తితోనే నిలబడి ఉంది.

గుమాస్తా గట్టిగా చదివాడు.
మొగిలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ
"పోయినేడు గూడా ఇంతే తెచ్చినానే" అంది.
ఎవరినీ అడగలేదు.
ఊరికే అంది.
నేను లైటు ఆర్పాను,
ఇంకా చీకటి పడకుండానే.

మరుసటి వారం చీటీల పని పోయింది.
దస్తగిరన్న తన కొట్లో పెట్టుకున్నాడు.
ఎన్ని తీగలు కట్టానో లెక్క లేదు:
పాల డైరీకి, బస్సు డిపోకి,
తిరుపతిలో రెండు లాడ్జీలకి.
ఏది కట్టినా మొదట ఏడు కడతాను.
మొగిలమ్మ యాభై కిలోలు
ఏ సూదికి అతకాలో
ఏ పుస్తకంలోనూ బొమ్మ లేదు.

మొన్న పాత మండీ పడగొడుతున్నారంటే పోయాను.
రేకు మీద తీగ అట్లనే ఉంది, ఎలుకలు కొరికిన చోట తప్ప.
కాటా వైపు మూత విప్పాను.
లోపల ఎండిపోయిన చీమలు, గట్టిపడిన నల్ల బెల్లం.
రెండు ఊడింది. మూడు ముట్టుకుంటే రాలింది.
ఏడుని లాగాను,
రాలేదు.