పంతొమ్మిదో గడి

మునాఫ్ భంగార్ దుకాణంల
తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా, అరవై రూపాయలు.
లోపల ఏడుగురు సిపాయిలు.
నా నడిమివేలంత పొడుగు,
నాకంటే రెండేండ్లు పెద్దోళ్లు.
వీపుల మీద అచ్చొత్తిన సాలు: ఎనభై ఆరు.

ఒకని కండ్ల రంగు చెరిగిపోయి
చూపు మాత్రం మిగిలింది.
నడుము లోపలి రబ్బరు చచ్చి
ఐదుగురు రెండు ముక్కలు.
పైసగం లడాయికి తయారు,
కిందిసగం డబ్బా మూలకు పండుకున్నది.
ఇంకొకనికి బొటనవేలు లేదు.
తుపాకి పట్టలేడు కాబట్టి
వాణ్నే హీరోను చేసిన.

నల్లాల దుకాణంల సన్న వాషర్లు అడిగిన.
"ఏ నల్లాకు?" అన్నడు ఢోబ్ళే.
"నడుముకు" అన్న.
నా నడుము దిక్కు ఒకసారి చూసి
చంద్రపూర్ల ఒక డాక్టర్ పేరు చెప్పిండు.

బల్లార్షాల ఉండి
వేరే గ్రహం కోసం ఎక్కడ దేవులాడాలె?
మూడో నంబర్ గని ఎనుక మట్టిదిబ్బ.
పొద్దున మొదటి షిఫ్ట్ సైరన్‌కు ముందు,
కాగితం మిల్లు వాసన కిందికి దిగకముందు,
పది నిమిషాలు ఎలుగు వంగి వస్తది.
అప్పుడు గోరంత బొగ్గుపెళ్ల
గుట్ట అయితది.
నేను బోర్ల పండుకొని
ఫోన్‌ను మట్టికి ఆనిచ్చి
ఊపిరి బిగబడుత.
విడిస్తే గ్రహం మీద తుఫాను.

వాచ్‌మన్ హటకర్ మొదటి రోజు
లాఠీ పట్టుకొని ఉరికొచ్చిండు.
మూడో రోజు టార్చి పట్టుకొని వచ్చిండు:
"ఇకడూన్ మారూ కా లైట్?"

కథ చిన్నదే.
దెబ్బ తాకిన తోటివాణ్ని ఎత్తుకొని
ఒకడు దిబ్బ దాటాలె.
ఇరవై నాలుగు గడులు.
పద్దెనిమిది గడులు అయినయి.
మోసుడు పంతొమ్మిదో గడిల.
ముప్పై ఆరుసార్లు తీసిన.
ఎన్నిసార్లు తీసినా వాడు
పెండ్లి ఫోటోకు నిలబడ్డట్టే ఉన్నడు,
భుజం మీది మనిషి శాలువ లెక్క.

బుడగలల్ల మాటలు ఇంకో లొల్లి.
మేనకోడలు స్నేహల్‌కు తెలుగు మాట వస్తది, అక్షరం రాదు.
నాకు బాపు పలక మీద నేర్పిన తెలుగు,
ఒత్తులు ఇప్పటికీ జారిపోతయి.
అమ్మకు ఏ అక్షరమూ రాదు.

ఆ అమ్మనే, బియ్యం చెరుగుకుంట
ఫోన్ల తొంగిచూసి అన్నది:
"వీడు మోస్తలేడు."

పదకొండేండ్లు వ్యాగన్లకు బొగ్గు తట్టలు ఎత్తిన మనిషి.
చాట పక్కకు పెట్టి చెయ్యి చాపింది.
వాని మెడ జర పక్కకు తిప్పింది.
నడుము వంచింది,
నా కొత్త వాషర్ కిర్రుమన్నది.
ముందటి మోకాలు మడిచింది.
"బరువు భుజం మీద ఉంటదా పిచ్చోడా,
ఎనుక కాలి మడిమెల ఉంటది.
చూపు గుట్ట మీదికి ఎందుకు?
మోసేటోడు రెండడుగుల ముందటికే చూస్తడు."
వాడు నిలబడక ఒరిగిపోతుంటే
అన్నం మెతుకు నలిపి అరికాలికి అంటుపెట్టింది.

తెల్లారి ఒక్కటే ఫోటో.
హటకర్ టార్చి ఆర్పుడు మరిచి
మరాఠీల ఏదో తిట్టుకున్నడు, మెల్లగ.

స్నేహల్ అడిగింది:
"మామా, బుడగల ఏమంటుండు?"
"ఏమనడు. మోస్తుండు."
బుడగ గీసిందే లేదు.

అమ్మకు మాత్రం కథ నచ్చలేదు.
"గా రెండోవాడు ఎంతసేపని ఎక్కి కూసుంటడు?
ఇరవై రెండుల దింపు.
కుంటుకుంట అయినా నడువనియ్యి."
ఇరవై రెండు మళ్ల రాసిన.

ఇరవైకి వాన వచ్చింది.
నాలుగు రోజులు దిబ్బ అంతా నల్ల బురద.
టీవీ మీద, వార్తల నెత్తిన,
బొటనవేలు లేనోడు అట్లనే వంగి ఉన్నడు,
భుజం మీద మనిషితోని.
కాలి కింద మెతుకు రాయి అయింది.
ఇప్పుడు వాణ్ని కదపాలంటే
గోరువెచ్చని నీళ్లల్ల
కాసేపు నానబెట్టాలె.