కొసరు

పెదజాలరిపేటలో
ఎండు సావళ్ల వాసన మధ్య తెల్ల అట్టపెట్టె విప్పాను.
బీపీ మిషను, వేలికి తగిలించే క్లిప్పు,
డాక్టరమ్మ ముఖం కనబడే పలక.
అరిజిల్లి ఎర్రమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని
"ఊరికేనా?" అంది.

ఊరికే కాదు. అమ్మకమూ కాదు.
ఏడు పేజీల కాగితం ఆ మాటే తిప్పితిప్పి చెబుతుంది:
ఇది కానుక కాదు, ఎర కాదు,
ఇది చూపి మిమ్మల్ని మా ఆసుపత్రికి లాక్కోవడం లేదు,
వైద్యం నడిచినన్నాళ్లే మీది,
అదీ మీది కాదు, మీ దగ్గరది.

"ఎర" దగ్గర నవ్వింది.
"ఎర సంగతి మాకు సెప్తావేటి బాబూ?"

"కొసరు వెయ్యకూడదు పెద్దమ్మా, రూలు" అన్నాను.
ఉచితంగా ఒకటి చేతిలో పెడితే
ఆ మొహమాటానికే రోగి మళ్లీ మా గుమ్మం తొక్కుతాడని
ఎవరో పెద్దవాళ్లు భయపడి రాసుకున్నది.

ఆమె ఆలోచనలో పడింది.
నలభై ఏళ్లుగా జగదాంబ వెనక సందుల్లో
ప్రతి తూకం మీదా గుప్పెడు నెత్తళ్లు ఎక్కువేసిన చెయ్యి.
"అయితే నాను సేసింది తప్పేనా?"
నా దగ్గర దానికి క్లాజు లేదు.

నాలుగో పేజీ: మీ నాడి మాకు చేరుతుంది,
మీ ఇంటి మాటలు చేరవు.
"మా ఆడబిడ్డ అరుపులూ?"
చేరవు.
"మరింకేటి ఇన్నట్టు, నా గుండెని?"

ఆరో పేజీ గబగబా దాటేయబోయాను.
పట్టుకుంది. మళ్లీ సదువు.
"రోగి మరణించిన పక్షంలో, వారసులు
పదిహేను రోజుల్లోగా పరికరమును
పనిచేయు స్థితిలో వాపసు చేయవలెను."
పనిచేయు స్థితిలో, అని గొణుక్కుంది.
గోడకు వేలాడే కాటా వైపు గెడ్డం ఎత్తి చూపించి
"అది మా అత్తది. వాపసు ఎవలూ అడగనేదు."

వేలిముద్ర పడలేదు.
పొలుసూ ఉప్పూ అరగదీసేసిన బొటనవేలు.
మూడోసారికి నీలం మరక;
మరకే చెల్లుతుందని పక్కన సంతకం పెట్టాను.
అదే చేతికి క్లిప్పు తగిలిస్తే మాత్రం
ఎవరినీ ఏమీ అడక్కుండా
తొంభై ఆరు.

లేస్తుంటే కానాగంతలు తూచింది.
డబ్బు లెక్కగా ఇచ్చాను, నాకూ రూలుంది.
సంచిలో ఇంకేదో పడిన చప్పుడు.
"ఇది కానుక కాదు," అంది, మొహం తిప్పుకుని,
"తినీదాకా నీ దగ్గిరది."

బీచ్ రోడ్డెక్కాక బండి ఆపి చూశాను.
ఒకటి కాదు, మూడు.