మురుగు కాలువ లస్కరు

పంట కాలువ కోసం కొట్టుకుంటారు మా వాళ్ళు.
అర్ధరాత్రి టార్చిలైట్లతో వచ్చి తూము తలుపు ఎత్తుకుంటారు,
వంతు తప్పితే తలలు పగులుతాయి.
మురుగు కాలువ ఊసు ఎవడికీ పట్టదు
వరి పీకల్లోతు మునిగేదాకా.

ముప్పై ఒక్క ఏళ్ళు యనమదుర్రు గట్టున లస్కరుని నేను.
గుర్రపుడెక్క లాగిన చెయ్యి ఇది, ఈ ఎడం చెయ్యి.
ఇప్పుడు చూడండి, వరదకి కొట్టుకొచ్చి నానిన దుంగ.
కుట్లు విప్పి చొక్కా తొడుగుతోంది మా వరాలు.
రొమ్ము మీద నీలంగా
ఎన్నడూ లేని పిల్లబోదెలు, దారి వెతుక్కుంటూ.

భీమవరంలో డయాలసిస్, సోమ బుధ శుక్రవారాలు.
మొదట్లో కాలరు ఎముక కింద గొట్టం గుచ్చి ఆర్నెల్లు ఉంచారు.
గొట్టం తీసేశారు. అది ఒరుసుకున్న చోటు లోపల గట్టిపడిపోయింది.
మిషను కడిగిన నెత్తురు చేతికొస్తుంది,
చేతినుంచి గుండెకి దారి లేదు.

మూడుసార్లు బెలూను పెట్టి ఉబ్బించారు.
మూడుసార్లూ పూడుకుంది.

ఇంద్రాక్షి డాక్టరు గారు మందుల చీటీ వెనక గీసి చూపించారు.
నరం కాదు, సిర అనాలట.
రొమ్ము ఎముక కోసి దిగొచ్చు,
నీ గుండె అంత కోతకి తట్టుకోదు, అన్నారు.
లేదా మెడలో దిగే పెద్ద సిరని
దవడ కింద తెంపి, ఎముక మీదుగా వంచి,
అడ్డుకి ఇవతల, చంక దగ్గర కలిపి కుట్టెయ్యొచ్చు.
"మరి తలలో నెత్తురో?" అంది వరాలు.
"అటుపక్క మెడలో ఇంకోటుందమ్మా, అది మోస్తుంది."

నాకు నవ్వొచ్చింది.
ఓ తుఫాను ఏడు, పూడిన చోటు తవ్వకుండా
పక్క బోదెని వంచి మురుగు కలిపేశాను నేను.
ఇంజనీరు గారు మెమో ఇచ్చారు.
నీళ్ళు మాత్రం తీశాయి.

నాలుగు గంటలట. నాకేం తెలీదు.
మెలకువొచ్చేసరికి గొంతు ఎండిపోయి, మెడ మీద పట్టీ.
వారానికి వేళ్ళు వేళ్ళలా విడివడ్డాయి.
వరాలు పెళ్ళినాటి ఉంగరం తెచ్చింది,
వాచిన వేలినుంచి కోసి తీసిన ఉంగరం, నోరు తెరుచుకుని ఉంది.
కంసాలికి ఇంకా ఇవ్వలేదు.

రాత్రిళ్ళు మోచేతి మడత చెవికి ఆనించుకుంటే
లాకు తలుపు సందులో నీళ్ళ రొద.

"మళ్ళీ పూడొచ్చు, మూణ్ణెల్లకోసారి రావాలి" అన్నారు డాక్టరు గారు.
గుర్రపుడెక్కా అంతేనమ్మా అన్నాను.
ఒక్కసారి తీసి ఏనాడన్నా ఊరుకున్నామా.