ఐదు బొమ్మల నడక

ఊలు నగరంలో నవంబరు నెల
తొమ్మిదైతే గాని తెల్లారదు.
పార్సిళ్ల గోదాములో రాత్రి డ్యూటీ దిగి
మంచులో సైకిలు తొక్కుకుంటూ వచ్చి
చేతి తొడుగులైనా విప్పకుండా కంప్యూటరు తెరుస్తాను.

అడ్డంగా ముప్పైరెండు గళ్లు, నిలువుగా ముప్పైరెండు.
ఆ చదరంలో నా పిహ్కా నడవాలి.
అంతకుమించి ఆశ లేదు.

పాఠాల కోసం వెతకని చోటు లేదు.
పావుగంట వీడియోలో ఒకాయన
పన్నెండు నిమిషాలు తన కుర్చీ గొప్పలు చెప్పాడు.
నలభై యూరోల పుస్తకమొకటి ఉందన్నారు.
లైబ్రరీలో ఒక్కటే ప్రతి, నాకు ముందు పదకొండు మంది.
చేతికొచ్చేసరికి క్రిస్మస్ దాటింది.
అందులో గుర్రం దౌడు తీస్తుంది,
కత్తి పట్టిన కుర్రాడు గెంతుతాడు,
మంట ఎగసి ఎగసి మొదటి బొమ్మకే వచ్చి పడుతుంది.
కుక్క నడకా ఉంది, లేకపోలేదు.
ఎనిమిది బొమ్మలు, అన్నిటికీ ఒకే వ్యవధి,
గడియారం మింగినట్టు నడిచే కుక్క.

పిహ్కాకు ఉన్నవి మూడు కాళ్లు.
పుస్తకం చెప్పినట్టే గీసి, ఒక కాలు చెరిపేశాను.
తెరమీద ఎవరిదో కుక్క
గాలిలో కాలు దాచుకుని ఊరేగింది.
పిహ్కా వచ్చి తెరను వాసన చూసి
తుమ్మి వెళ్లిపోయింది.

ఫిబ్రవరిలో, పాత సామాన్ల సంతలో
కాఫీ కెటిళ్ల అడుగున గళ్ల నోటుబుక్కు. రెండు యూరోలు.
అట్టమీద రౌహా కెస్కితాలో, 1987.
లోపల పెన్సిలుతో నింపిన గళ్లు.
పడవ మునుగుతోంది. దీపం వణుకుతోంది.
ఒక ముసలామె మెట్టెక్కి, ఆగి, మళ్లీ ఎక్కుతోంది.
ఆగిన బొమ్మ పక్కన చీమలబారు లాంటి రాత:
“ఇక్కడ తొందరపడకు. ఊపిరి తీసుకోనీ.”
దాని కింద, వేరే రోజు రాసినట్టు:
“ఈ మోకాలు మా అత్తది. పదిసార్లు ఎక్కించాను, పాపం.”

ఆ సాయంత్రం కంప్యూటరు ముట్టలేదు.
వంటగది నేలమీద చతికిలబడి
పిహ్కా గిన్నెదాకా వెళ్లడం చూశాను, తిరిగి రావడం చూశాను.
చెక్క నేలమీద గోళ్లు: టిక్, టిక్, టప్.
టప్ దగ్గర నడుము ఎగురుతుంది,
తల ఒక వీసమంత దిగుతుంది,
తోక తక్కెడ ముల్లులా ఇటూ అటూ.
ఐదు బొమ్మలు చాలాయి.
నాలుగోదాన్ని రెట్టింపు సేపు నిలబెట్టి
చెవిని ఒక్క గడి కిందికి జరిపాను.
అంతే, మా ఇంటి కుక్క.

గోదాములో ఇస్మో అడిగాడు,
ఎక్కడ నేర్చుకున్నావ్, నాకూ చెప్పు అని.
రెండు వీడియోల పేర్లు రాసిచ్చాను, పుస్తకం పేరూ చెప్పాను.
నోటుబుక్కు మాత్రం ఇవ్వలేదు,
కావాలంటే ఫొటోలు తీసుకోమన్నాను.

దాని చివరి పేజీలో కొంగ రెక్క ఎత్తి ఉంది.
దించే బొమ్మ గీయలేదు ఆమె.
ఏప్రిల్లో లిమింకా పొలాలమీద కొంగలు వాలతాయి.
సెలవు అడిగాను,
ఇంకా ఏమీ చెప్పలేదు.